మా కొట్లో అమ్మే కూల్‌డ్రింకులే మావాడు తాగుతున్నాడు, ఏం చేయాలి?

కిరాణాలక్ష్మి, పల్నాడు జిల్లా

అందరికీ నమస్కారం. ఇక్కడ చాలా రోజులుగా చదవడమే గానీ రాయడం ఇదే మొదటిసారి. తప్పులుంటే సర్దుకోండి.

మాది చిలకలూరిపేట దగ్గర ఊరు. బడి గేటుకు ఎదురుగా కిరాణా కొట్టు. మా ఆయన గుంటూరు మిర్చి యార్డులో పనికి వెళ్తారు, కొట్టు నేనే చూసుకుంటా. ఒక్కడే కొడుకు. ఎనిమిదేళ్ళు, మూడో తరగతి, ఆ ఎదురు బళ్ళోనే.

రెండేళ్ళ కిందట కూల్‌డ్రింకుల కంపెనీ తరఫున అద్దం తలుపు ఫ్రిజ్ ఒకటి పెట్టి వెళ్ళారు. ఫ్రిజ్‌కి డబ్బులేం తీసుకోలేదు. కరెంటు బిల్లు మాత్రం మాది, అందులో వాళ్ళ సరుకు తప్ప ఇంకోటి పెట్టకూడదని షరతు. అది సరిగ్గా గల్లాపెట్టె పక్కనే ఉంటుంది. నేను అటు తిరిగి కందిపప్పు తూచేలోపు వెనక నుంచి 'టుస్స్' మని చప్పుడు. తిరిగి చూస్తే మావాడు ఉండడు.

మొదట్లో ఎప్పుడో ఒకటి కదా అని ఊరుకున్నా. ఒంటిపూట బడులు పెట్టాక మధ్యాహ్నం నుంచి కొట్లోనే ఉంటున్నాడు. మొన్న బియ్యం బస్తాలు జరిపి ఊడుస్తుంటే గోడ వారగా మూతలు దొరికాయి. లెక్కపెట్టా. 43. ఉగాదికి కొట్టంతా కడిగించాం, అంటే ఇవన్నీ ఆ తర్వాత మూడు వారాల్లో తాగినవే. సీసాలేమో వెనక పెరట్లో పడేశాడు, మూతలు మాత్రం ఎందుకు దాచాడో అడిగితే 'ఆడుకోవడానికి' అన్నాడు.

ఇప్పుడు వాడి సంగతి. అన్నం దగ్గర నాలుగు ముద్దలు తిని లేచిపోతాడు. బళ్ళో పెట్టే భోజనం కూడా సగం వదిలేస్తాడని ఆయాలు చెప్పారు. రాత్రి పదకొండున్నరకు కూడా మంచం మీద దొర్లుతుంటాడు. పొద్దున లేపడం పెద్ద యుద్ధం. ఏదైనా కాదంటే చేతిలో ఉన్నది విసిరేస్తాడు. పోయిన వారం టీవీ రిమోటు, అంతకుముందు పప్పు గిన్నె. ఇంతకుముందు ఇలా ఉండేవాడు కాదు. బస్తాలు తూచే కాటా మీద నిలబెడితే 38 కిలోలు. ఇంత తక్కువ తినేవాడు ఇంత బరువు ఎలా పెరుగుతున్నాడో నాకు అర్థం కావట్లేదు. కింది దవడలో వెనక పన్ను నొప్పి అంటున్నాడు గానీ పాలపళ్ళే కదా, ఊడిపోతాయని చూపించలేదు.

మా అత్తగారు 'చక్కెర తలకెక్కి ఎగురుతున్నాడు' అంటారు. నిజంగా చక్కెర ఎక్కువైతే పిల్లలకు ఇంత కోపం, ఇంత గోల వస్తాయా? ఎలా మాన్పించాలి?

ఇంకో మాట కూడా ఉంది, అడగాలంటే కొంచెం మొహమాటంగా ఉంది. వీడి చేతిలోంచి సీసా లాక్కుని ఫ్రిజ్‌లో పెడతాను. పది నిమిషాల తర్వాత వీడి క్లాసువాడే ఇరవై రూపాయలు పట్టుకుని వస్తే అదే సీసా తీసి ఇస్తాను. మావాడు పక్కన నిలబడి చూస్తుంటాడు. 'వాడు తాగితే ఏం కాదా' అని నిన్న అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.


సోడాబాబాయి, తెనాలి

అమ్మాయ్, మరీ కంగారు పడకు. మా చిన్నప్పుడు గోలీసోడాలు, రంగు షర్బత్తులు తాగి, పుల్ల ఐసులు చప్పరించి పెరిగాం. మాకేం కాలేదు. పిల్లాణ్ణి ఎండలో ఆడుకోనివ్వు, అంతా అరిగిపోతుంది.


వార్డుసిస్టర్

బాబాయి గారూ, మీ చిన్నప్పుడు కలర్ సోడా తిరునాళ్ళకో పెళ్ళికో ఒకటి తాగి ఉంటారు. ఈ పిల్లాడు రోజుకు రెండు తాగుతున్నాడు, అదీ దాచుకుని. రెండూ ఒకటి కాదు.

లక్ష్మి గారూ, నేను పిల్లల వార్డులో స్టాఫ్ నర్సుని, 14 ఏళ్ళ సర్వీసు. మీ అత్తగారి మాట చాలామంది తల్లులు అంటారు, నేనూ మొదట్లో నమ్మేదాన్ని. కానీ దాన్ని పరీక్ష పెట్టి చూసినప్పుడు నిలబడలేదు. 1994లో అమెరికాలో ఒక ప్రయోగం చేశారు. అయిదు నుంచి ఏడేళ్ళ మగపిల్లల తల్లుల్లో కొందరికి 'మీవాడికి బాగా చక్కెర ఇచ్చాం' అని చెప్పారు. నిజానికి ఇచ్చింది చక్కెర లేని తీపి. అయినా ఆ తల్లులు మావాడు ఇవాళ మరీ అల్లరి చేస్తున్నాడని రాశారు. 1995లో అలాంటి ప్రయోగాలు చాలావాటిని కలిపి చూసినా చక్కెరకూ అల్లరికీ లంకె దొరకలేదు. చక్కెర మంచిదని కాదు నేను చెప్పేది. అది చేసే చెడు వేరే చోట ఉంది, దానికి వస్తా.

మీరు రాసిన దాంట్లో నాకు అనుమానం వచ్చింది నిద్ర దగ్గర. మీవాడు తాగేది ఏ రకం? ఏ టైముకు తాగుతున్నాడు? మూతలు పారేయకపోతే ఒకసారి రంగులవారీగా విడదీసి చూడండి.

ఇంకొకటి. వాడి మెడ వెనక, చంకల్లో నల్లగా, కొంచెం మందంగా, మఖమల్ గుడ్డలా ఉందా?


కిరాణాలక్ష్మి

సిస్టర్ గారూ, మీరు మా ఇంటికొచ్చి చూసినట్టు అడిగారు. మెడ వెనక నల్లగానే ఉంది. మట్టి అనుకుని ఆదివారం ఆదివారం సున్నిపిండి పెట్టి రుద్దుతున్నా. వాడు ఏడుస్తాడు, నేను తిడతాను. ఎంత రుద్దినా పోదు.

మూతలు కవర్లో వేసి పెట్టా, పారేయలేదు. నల్ల కూల్‌డ్రింకువి 26. ఎర్ర ఎనర్జీ డ్రింకువి 17. ఆ ఎర్రది తాగుతున్నాడని నాకు తెలియనే తెలియదు. మా ఊళ్ళో పెద్ద పిల్లలు సాయంత్రం క్రికెట్‌కి పోతూ అది కొనుక్కుంటారు, వీడు వాళ్ళ వెనకాల తిరుగుతాడు. అంటే అయిదున్నర, ఆరు మధ్యలో తాగుతున్నట్టు.


వార్డుసిస్టర్

మీ ప్రశ్నకు సగం జవాబు ఆ 17 మూతల్లో ఉంది.

ఆ సీసా ఒకటి తీసి వెనక చిన్న అక్షరాలు చదవండి. కాఫీలో ఉండే కెఫీన్ ఇందులో ఎంతో రాసి ఉంటుంది. పిల్లలకు, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు మంచిది కాదని కూడా ఉంటుంది. ఆ హెచ్చరిక వేయాలని మన దేశంలో నిబంధనే ఉంది. కెఫీన్ లీటరుకు 145 నుంచి 300 మిల్లీగ్రాముల దాకా ఉండొచ్చు. అంటే 250 ఎం.ఎల్. సీసాలో 75 దాకా, ఒక గట్టి కాఫీ అంత. ఎనిమిదేళ్ళ పిల్లాడికి సాయంత్రం ఆరింటికి గ్లాసుడు కాఫీ కలిపి ఇస్తారా? ఇవ్వరు. కానీ ఇది కాఫీలా కనపడదు, చల్లగా తియ్యగా ఉంటుంది.

ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2015లో చెప్పిన లెక్క ఒకటి ఉంది. పిల్లలకైనా కిలో బరువుకు రోజుకు 3 మిల్లీగ్రాములు దాటకూడదు. అయితే కిలోకు 1.4 అంటే దాదాపు అందులో సగానికే, పెద్దవాళ్ళలో కూడా కొందరికి నిద్ర చెడుతుంది. మీవాడి 38 కిలోలకు 1.4 చొప్పున వేస్తే 53. సీసా ఒక్కటే దాన్ని దాటేస్తుంది. పైగా ఒంట్లోకి వెళ్ళిన కెఫీన్‌లో సగం దిగడానికే నాలుగైదు గంటలు పడుతుంది. ఇక పదకొండున్నరకు నిద్ర ఎక్కడ పడుతుంది? నిద్రలేని పిల్లాడు పొద్దున చిర్రుబుర్రులాడతాడు, మధ్యాహ్నానికి రిమోట్లు విసురుతాడు. దాన్ని మీ అత్తగారు చక్కెర అంటున్నారు. నల్ల కూల్‌డ్రింకులో కూడా కెఫీన్ ఉంటుంది, దీనంత కాదు.

ఇక చక్కెర. మెడ నలుపు మట్టి కాదు, రుద్దడం ఇవాళే ఆపండి. రక్తంలో చక్కెరను అదుపులో పెట్టే ఇన్సులిన్ సరిగ్గా పని చేయక ఎక్కువెక్కువ తయారవుతున్నప్పుడు చర్మం అలా అవుతుంది. షుగర్ వచ్చేసిందని కాదు, ఆ దారిలో వెళ్తున్నాడని గుర్తు. ఎనిమిదేళ్ళ మగపిల్లాడు సగటున 25 కిలోల అటూ ఇటూ ఉంటాడు. ఒకసారి పిల్లల డాక్టరుకు చూపించి, పరగడుపున రక్తపరీక్ష చేయించండి. వాయిదా వేయకండి, భయపడిపోకండి కూడా. ఈ వయసులో బాగుచేసుకోగలిగిందే.

'తక్కువ తింటున్నాడు, బరువెలా పెరుగుతున్నాడు' అన్నారు కదా. తాగిన చక్కెర కడుపు నింపినట్టు అనిపించదు. రెండు ఇడ్లీలు నమిలితే కడుపుకు తెలుస్తుంది. అంతే శక్తి గుటగుటా తాగేస్తే లెక్కలోకి రాదు. పైగా చక్కెరలో సగం ఫ్రక్టోజు అనే రకం తీపి, దాన్ని సర్దుకోవాల్సిన పని ఎక్కువగా కాలేయానిది. ఎక్కువైతే అక్కడే కొవ్వుగా మారుతుంది. మా వార్డులో పన్నెండేళ్ళ వాళ్ళకు స్కానింగులో 'ఫ్యాటీ లివర్' అని రావడం ఇప్పుడు మాకు కొత్తగా అనిపించడం లేదు. నేను చేరినప్పుడు అలా వస్తే డాక్టర్లూ మేమూ అందరం చుట్టూ చేరి చూసేవాళ్ళం.

ఎర్రది మాత్రం ఇవాళ్టితో బంద్. రెండు మూడు రోజులు తలనొప్పి, చిరాకు ఉంటాయి, కెఫీన్ మానితే పెద్దవాళ్ళకూ ఉంటాయి. జడిసి మళ్ళీ ఇవ్వకండి.


పళ్ళడాక్టరు

ఒక్క విషయం చెప్పి వెళ్తా. కింది దవడ వెనక పన్ను అంటున్నారు, ఎనిమిదేళ్ళు అంటున్నారు. పాలపన్నే అయి ఉండాలని లేదు. ఆరేళ్ళ వయసులో పాలపళ్ళ వెనక ఒక పెద్ద పన్ను వస్తుంది, ఏదీ ఊడకుండా కొత్తగా వస్తుంది కాబట్టి ఎవరూ గమనించరు. అది శాశ్వతమైనది. పోతే మళ్ళీ రాదు. ఈ వారమే చూపించండి.

కోలా ఆమ్లం మామూలుది కాదు, పీహెచ్ (పులుపు కొలిచే అంకె, అది తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) రెండున్నర దాకా ఉంటుంది. పీహెచ్ 5.5 కంటే దిగితే పంటి పైపొర కరగడం మొదలవుతుంది. ఒక్కసారి తాగేసేవాడి కంటే సీసా పక్కన పెట్టుకుని గంటసేపు గుక్క గుక్క తాగేవాడికి ఎక్కువ నష్టం. తాగిన వెంటనే బ్రష్ చేయించకండి, మెత్తబడిన పొర రాలిపోతుంది. నీళ్ళు పుక్కిలించి అరగంట ఆగాలి. 'షుగర్ ఫ్రీ' అని రాసినదానిలో చక్కెర ఉండదు గానీ పులుపు అంతే ఉంటుంది.


మూడోక్లాసు మాస్టారు, ప్రకాశం జిల్లా

అమ్మా లక్ష్మీ, మాది మండల పరిషత్ పాఠశాల. మా బడి ముందు కూడా నీలాంటి కొట్టు ఉంది, నీలా అడిగే మనిషి లేదు.

2020లో మన దేశ ఆహార భద్రతా సంస్థ ఒక నిబంధన చేసింది. కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్నవి బళ్ళో గానీ, బడి గేటు నుంచి 50 మీటర్ల లోపు గానీ అమ్మకూడదు. నిన్ను భయపెట్టడానికి చెప్పడం లేదు. మా దగ్గర కూడా ఎవరూ వచ్చి కొలిచింది లేదు. నీకు తెలిసి ఉండాలని చెప్పా.

2025 మే నెలలో సీబీఎస్ఈ వాళ్ళు తమ బళ్ళల్లో 'షుగర్ బోర్డు' పెట్టమన్నారు. ఏ డ్రింకులో, ఏ చిరుతిండిలో ఎంత చక్కెర ఉందో గోడ మీద రాయడం. మాది సీబీఎస్ఈ కాదు, మమ్మల్ని ఎవరూ పెట్టమనలేదు. అయినా నేనూ పెట్టా. చార్టు మీద అంకెలు రాశాను, పిల్లలు రెండు రోజులు చూసి వదిలేశారు. '26 గ్రాములు' అంటే వాళ్ళకు ఏం తెలుస్తుంది? నీ దగ్గర కాటా ఉంది, చక్కెర బస్తా ఉంది. నా చార్టు కంటే నీ కొట్టే మంచి క్లాసు అవుతుంది.


కిరాణాలక్ష్మి

మాస్టారు గారూ, మీ మాట చదివి మావాణ్ణే పిలిచి గేటు నుంచి మన గడప దాకా అడుగులు వేయమన్నా. వాడి అడుగులతో 19. యాభై మీటర్ల మాట వాడికి చెప్పలేదు.

తర్వాత నిన్న మధ్యాహ్నం, బేరం లేని టైములో, కాటా ముందు కూర్చోబెట్టుకున్నా. నల్ల సీసా వెనక వాడితోనే చదివించా. 100 ఎం.ఎల్.కి 10.6 గ్రాములు. సీసా 250. 'ఎంతయిందిరా' అంటే వేళ్ళు లెక్కపెట్టి రాలేదన్నాడు, నేను చెప్పా, ఇరవయ్యారున్నర. కాటా మీద కాగితం పెట్టి చెంచాతో చక్కెర వేయమన్నా. ఒకటి, రెండు, మూడు... 'చాలా?' అన్నాడు. ఆరు చెంచాలు దాటాక అంకె వచ్చింది. కాగితం మీద కుప్ప చూసి నా మొహం వైపు చూశాడు.

ఆ చక్కెర తీసి గ్లాసుడు మామూలు నీళ్ళలో కలిపి ఇచ్చా. గ్యాసు లేదు, పులుపు లేదు, చల్లదనం లేదు. ఒక గుక్క తాగి 'వాక్' అని పెరట్లోకి పరిగెత్తాడు. 'రోజూ తాగేది అదేరా' అంటే 'కాదు, అది బాగుంటుంది' అన్నాడు. నేనూ ఒక గుక్క తాగి చూశా. పాకం తాగినట్టుంది. చల్లగా పుల్లగా ఉంటే ఇంత తీపి నాలుకకు తెలియకుండా పోతుందని నాకు ఇన్నేళ్ళూ తెలియదు, ఆరేళ్ళుగా అమ్ముతున్నా.

ఎర్ర సీసా కూడా చదివాం. చక్కెర అందులో తక్కువే, మొత్తం సీసాకి 17 గ్రాములు. కెఫీన్ 100 ఎం.ఎల్.కి 29 మిల్లీగ్రాములు. పిల్లలకు వద్దని రాసే ఉంది సిస్టర్ గారూ. ఆ అక్షరాలు చదవడానికి నాకు మా అత్తగారి కళ్ళజోడు కావాల్సి వచ్చింది.

ఇక 43 మూతల లెక్క. మొత్తం చక్కెర తూచి కవర్లో పోశా. కిలోకి ఇరవై రెండు గ్రాములు తక్కువ. నేను కిలో చక్కెర ప్యాకెట్లు రోజుకు ఎన్ని కట్టి ఇస్తానో లెక్కలేదు. ఆ కవరు చేతిలో పెట్టుకుంటే మాత్రం చేయి వణికింది.

ఒక డౌటు. ఆమధ్య వీడికి విరేచనాలైతే మెడికల్ షాపులో ఓఆర్‌ఎస్ అడిగా. యాపిల్ రుచిది అట్టడబ్బా ప్యాకెట్ ఇచ్చాడు. తాగినకొద్దీ ఎక్కువయ్యాయి. ఇప్పటికీ ఎండకు నీరసంగా ఉంటే అదే ఇస్తున్నా. అదైనా మంచిదేనా?


వార్డుసిస్టర్

అది ఓఆర్‌ఎస్ కాదండీ, పేరులో ఆ మూడు అక్షరాలు పెట్టుకున్న తీపి డ్రింకు. ఇలా మోసపోయింది మీరొక్కరే కాదు. హైదరాబాద్‌లో పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు దీని మీద దాదాపు ఎనిమిదేళ్ళు కొట్లాడారు. చివరికి 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ, అసలు ఫార్ములా కాని ఏ డ్రింకు పేరులోనూ 'ఓఆర్‌ఎస్' అనే మాట ముందు గానీ వెనక గానీ తగిలించకూడదని ఉత్తర్వు ఇచ్చింది. ఆ రోజు మా డ్యూటీ రూములో స్వీట్లు పంచుకున్నాం. అవును, స్వీట్లే. నవ్వకండి.

అసలు ఓఆర్‌ఎస్ పొడి ప్యాకెట్. పెద్ద ప్యాకెట్ అయితే మొత్తం లీటరు నీళ్ళలో. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములాలో లీటరుకు గ్లూకోజు 13.5 గ్రాములే, మిగతావి ఉప్పులు. ఆ కొద్ది గ్లూకోజు ఉప్పునూ నీటినీ పేగుల్లోంచి లోపలికి లాక్కెళ్ళడానికి. తీపి డ్రింకుల్లో కొన్నింట్లో దానికి ఏడెనిమిది రెట్లు చక్కెర ఉంటుంది. అంత చిక్కగా ఉన్నది పేగుల్లోకి పోతే ఒంట్లోని నీళ్ళే పేగుల్లోకి వచ్చేస్తాయి, విరేచనాలు పెరుగుతాయి. మీవాడికి జరిగింది అదే అయి ఉంటుంది. విరేచనాలు లేకుండా ఉత్త ఎండ నీరసానికి ఓఆర్‌ఎస్ కూడా అక్కర్లేదు. మజ్జిగలో ఉప్పు వేసి ఇవ్వండి.


సోడాబాబాయి

సరే తల్లీ, ఒప్పుకున్నా. నాకు మొన్న షుగర్ 240 వచ్చింది, ఆ మాట ఇందాక రాయలేదు. మరి చెరకురసం సంగతేంటి? అది సహజమే కదా.


వార్డుసిస్టర్

బాబాయి గారూ, గ్లాసు చెరకురసం చక్కెరలో కూల్‌డ్రింకుకు ఏం తీసిపోదు. సహజమని మీ రక్తానికి తెలియదు. పళ్ళరసాలూ అంతే, బత్తాయిని ఒలిచి తినండి. మందులు మానకండి.


రాత్రిడ్యూటీ, లెస్టర్ (ఇంగ్లండ్)

అక్కా, మాది సత్తెనపల్లి, ఇక్కడ ఎం.ఎస్. చదువుతూ సూపర్ మార్కెట్లో పార్ట్‌టైము చేస్తున్నా. మీ ప్రశ్నలో రెండోది, వేరే పిల్లలకు అమ్మే సంగతి, ఎవరూ ముట్టుకోలేదు, అందుకే రాస్తున్నా.

ఇక్కడ పదహారేళ్ళు నిండనివాళ్ళకు ఎనర్జీ డ్రింకులు అమ్మకూడదని 2018లో పెద్ద షాపులన్నీ వాటంతట అవే పెట్టుకున్నాయి. ఎవడైనా పిల్లోడు డబ్బా పట్టుకుని కౌంటర్‌కి వస్తే నేను ఐడీ అడగాలి. మొదట్లో నాకు చాలా ఇబ్బందిగా ఉండేది. ఒకడు నన్ను బూతులు తిట్టి డబ్బా అక్కడే పడేసి పోయాడు. తర్వాత అలవాటైపోయింది, వాళ్ళకూ నాకూ. అదే ఏడాది ఏప్రిల్‌లో చక్కెర ఎక్కువున్న డ్రింకుల మీద ఇక్కడ పన్ను కూడా వేశారు. పన్ను తప్పించుకోవడానికి కంపెనీలు చాలావాటిలో చక్కెర తగ్గించేశాయి. మన దగ్గర కూల్‌డ్రింకుకు 40 శాతం జీఎస్‌టీ ఉంది గానీ అది చక్కెర ఎంతుందో చూసి వేసేది కాదు.

మీరు కొట్టు మూసుకోనక్కర్లేదు అక్కా. ఎర్రది చిన్నపిల్లలకు ఇవ్వనని ఒక అట్టముక్క మీద రాసి పెట్టండి. సీసా మీదే రాసి ఉంది కదా, మీరు కొత్తగా కనిపెట్టిందేం కాదు.


కిరాణాలక్ష్మి

పన్నెండు రోజుల తర్వాత రాస్తున్నా. ఆలస్యానికి ఏమీ అనుకోకండి, పెళ్ళిళ్ళ సీజను, సరుకు చీటీలు ఎక్కువ.

ముందు డాక్టరు సంగతి. పరగడుపు షుగర్ 104 వచ్చింది. షుగర్ జబ్బు లేదు, కానీ ఉండాల్సిన దానికంటే కొంచెం ఎక్కువ, మూడు నెలలకు మళ్ళీ చూద్దామన్నారు. పన్ను విషయం పళ్ళడాక్టరు గారు ఇక్కడ రాసినట్టే, ఆరేళ్ళకు వచ్చినదే. లోపల నరం దాకా వెళ్ళలేదట, సిమెంటు పెట్టారు. సున్నిపిండి మానేశా. వాడికి 'సారీ రా' అని చెప్పా, ఎందుకో వాడికి అర్థం కాలేదు.

ఎర్రది మానిపించిన రెండు రోజులు నరకం చూపించాడు. తలనొప్పని పడుకున్నాడు, అన్నం పళ్ళెం తోసేశాడు, మా అత్తగారు 'ఒక్కటి ఇవ్వవే' అని నా మీద విరుచుకుపడ్డారు. నాలుగో రోజు తొమ్మిదిన్నరకు వెళ్ళి చూస్తే నిద్రపోతున్నాడు. నమ్మక, దగ్గరికెళ్ళి చూశా. కోపం పూర్తిగా పోలేదు, అది వాళ్ళ నాన్న దగ్గర నుంచి కూడా కొంత వచ్చింది. విసరడం మాత్రం లేదు.

నల్లది ఒక్కసారే మాన్పించలేకపోయా. ఆదివారం ఒక సగం సీసా, అన్నంతో పాటు, అని ఒప్పందం. మిగతా రోజులు మజ్జిగ. మొదట 'మజ్జిగ ముసలోళ్ళు తాగేది' అన్నాడు. ఉప్పు, అల్లం, కొంచెం నిమ్మకాయ పిండి పాత కూల్‌డ్రింకు సీసాలోనే పోసి ఫ్రిజ్‌లో చల్లబెట్టి ఇస్తే తాగుతున్నాడు. సీసా ముఖ్యమని అప్పుడు తెలిసింది.

ఇక తమ్ముడూ, నీ అట్టముక్క. 'ఎర్ర డ్రింకు పదిలోపు క్లాసుల పిల్లలకు అమ్మబడదు' అని రాసి గల్లాపెట్టె మీద అంటించా. మొదటి రోజే ఏడో తరగతి పిల్లాడు 'మా నాన్నకే అక్కా' అన్నాడు. వాళ్ళ నాన్నకు ఫోను చేశా. ఆయన నవ్వి 'వద్దులే అమ్మా' అన్నాడు. ఇంకొకామె మాత్రం 'నీ కొడుక్కి జబ్బు చేస్తే మా పిల్లలకు నీతులు చెప్తావేం' అని గట్టిగానే అంది. పక్క వీధి కొట్లో దొరుకుతుంది కాబట్టి కొందరు అక్కడికి పోతున్నారు. సీసాకు రెండు రూపాయలు మిగులుతాయి. రోజుకు పాతిక సీసాలు తగ్గాయి, లెక్క మీరే వేసుకోండి. మా ఆయనకు ఇంకా చెప్పలేదు.

నల్లది ఆపలేదు. ఆపితే కొట్టు నడవదు, నిజం చెప్తున్నా. కానీ చక్కెర పొట్లాలు కట్టి ఫ్రిజ్ తలుపుకు దారంతో వేలాడదీశా, ఒక్కో రకానికి ఒక్కో పొట్లం. నల్లదానికి ఇరవయ్యారున్నర గ్రాములది. పది రూపాయల మామిడి జ్యూసుకు 16 గ్రాములది. పిల్లలు వాటిని పట్టుకుని ఊపి చూస్తున్నారు. మావాడు పెద్ద మనిషిలా పక్కన నిలబడి 'ఇది నీ కడుపులోకి పోద్ది' అని వివరిస్తున్నాడు. కొంతమంది అయినా కొంటున్నారు. ఒక పిల్ల మాత్రం ఇరవై నోటు మళ్ళీ జేబులో పెట్టుకుని వెళ్ళిపోయింది.

మొన్న మంగళవారం లైనుకు వచ్చిన కంపెనీ అబ్బాయి ఆ పొట్లాలు చూశాడు. 'ఇదేంటక్కా' అన్నాడు. 'మీ సరుకేరా, నీళ్ళు తీసేశా' అన్నా. వాడూ నవ్వాడు గానీ ఫోటో తీసుకెళ్ళాడు. ఫ్రిజ్‌లో మజ్జిగ సీసాలు కూడా చూశాడు. ఫ్రిజ్ వెనక్కి తీసుకుపోతారేమో తెలియదు. పోతే పోయింది గానీ, అందుకే ఒకటి అడుగుతున్నా. సెకండ్ హ్యాండ్‌లో మామూలు ఫ్రిజ్, సోడా మిషను గుంటూరులో ఎక్కడైనా దొరుకుతాయా? చక్కెర లేకుండా ఉప్పు నిమ్మకాయ సోడా పదిహేను రూపాయలకు పెడితే మీ ఊళ్ళల్లో తాగుతారా? బాబాయి గారూ, తెనాలిలో ఇప్పుడు సోడా ఎంత?


సోడాబాబాయి

ఉప్పు సోడా ఇక్కడ ఇరవై. పదిహేనుకు పెట్టు, వస్తారు. మిషను సంగతి మా వీధిలో ఒకాయన దుకాణం ఎత్తేస్తున్నాడు, రేపు అడిగి చెప్తా. గ్యాసు సిలిండరు మాత్రం కొత్తది తీసుకో.